నాలుగు వయొలిన్లు, ఒకే గొంతు: వివాల్డి బి మైనర్ కాన్చెర్టోతో 14 వారాలు

రిహార్సల్ రికార్డింగ్ మూడోసారి వింటున్నప్పుడు నాకు అసలు సమస్య తెలిసొచ్చింది. ఎవరూ తప్పు వాయించలేదు. శ్రుతి ఫరవాలేదు, తాళం ఎక్కడా జారలేదు. కానీ నలుగురు సోలో వయొలినిస్టులు వాయిస్తున్నారన్న సంగతి ఆ రికార్డింగ్‌లో ఎక్కడా వినబడలేదు. ఒకే పెద్ద వయొలిన్, కాస్త మసకగా, ఆగకుండా మోగుతున్నట్టుంది. నాలుగు వయొలిన్ల కోసం రాసిన కాన్చెర్టోలో, అంటే కొన్ని వాద్యాలు విడిగా ముందుకొచ్చి (సోలో) మిగతా బృందంతో కలిసి సాగే రచనలో, నాలుగు వయొలిన్లు వినబడకపోతే ఇక మేము చేస్తున్న పనేమిటి?

నెదర్లాండ్స్‌లో ఒక చిన్న ఊళ్ళో ఔత్సాహికుల స్ట్రింగ్ బృందానికి నేను కొన్నేళ్ళుగా శిక్షణ ఇస్తున్నాను. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు కలిసి వాయిస్తారు. ఆ ఏడు వసంతకాలంలో ఊరి చర్చిలో కచేరీకి ఇటలీ స్వరకర్త వివాల్డి ‘లెస్ట్రో ఆర్మోనికో’ అనే సంపుటి నుంచి పదో కాన్చెర్టో పెట్టుకున్నాం. వివాల్డి రచనలకి నంబర్లిచ్చిన రియోమ్ జాబితాలో అది ఆర్‌వీ 580. నాలుగు వయొలిన్లకీ, వాటితోపాటు ఒక చెల్లోకీ (వయొలిన్ జాతిలోనే పెద్దది, మంద్రంగా మోగేది) సోలో భాగాలున్న రచన. చేతిలో 14 వారాలున్నాయి. ఈ రాతంతా ఆ 14 వారాల్లో ఏది పని చేసింది, ఏది చేయలేదు, అందులో నా తప్పు ఎంత అన్నదే. ఇలాంటి రచన తలకెత్తుకునే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రచన గురించి నాలుగు మాటలు. వివాల్డి 1703లో మతగురువు అయ్యాడు. జుట్టు ఎర్రగా ఉండేది కాబట్టి వెనిస్‌లో ఆయన్ని ‘ఎర్ర ఫాదర్’ అనేవారు. అదే ఏడాది పియెటా అనే అనాథ బాలికల ఆశ్రమంలో వయొలిన్ మాస్టారుగా చేరాడు. ‘లెస్ట్రో ఆర్మోనికో’ 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎస్తియెన్ రోజే అచ్చువేసిన సంపుటి. 12 కాన్చెర్టోలు, రెండు భాగాలుగా వచ్చాయి. అంకితం టస్కనీ యువరాజు ఫెర్డినాండోకి. అందులో నాలుగు కాన్చెర్టోలు ఒక్క సోలో వయొలిన్‌కి, నాలుగు రెండింటికి, నాలుగు నాలుగింటికి. ఆ వరస కూడా ముచ్చటగా ఉంటుంది: నాలుగు వయొలిన్లది, రెండింటిది, ఒక్కదానిది, మళ్ళీ నాలుగింటిది, అలా చివరిదాకా. మాది పదోది కాబట్టి నాలుగింటిదే.

మా దగ్గర 19 మంది ఉన్నారు. సోలో వాయించే నలుగురూ కాక మరో ఎనిమిది వయొలిన్లు, మూడు వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్దవి), రెండు చెల్లోలు, ఒక డబుల్ బాస్, ఒక హార్ప్సికార్డ్ (పియానోకి ముందుతరం మెట్ల వాద్యం). నలుగురు ముందు నిలబడతారు, మిగతా వాళ్ళు వెనక కూర్చుంటారు, అందరూ కలిసి వాయించే చోట వెనక ఎనిమిది వయొలిన్లు ముందు వాళ్ళకి బలం ఇస్తాయి. కాన్చెర్టో అంటే మామూలుగా మనసులో మెదిలే బొమ్మ ఇదే. నేనూ అలాగే సర్దేశాను. మొదటి నాలుగు వారాలు ఆ బొమ్మతోనే గడిచాయి. రికార్డింగ్ విన్నది ఆ తరవాతే.

ఎన్ని చేతులో అన్ని రకాలు

ఐదో ఆదివారం నేనొక పని చేశాను. సోలో వాళ్ళ నలుగురినీ, వాళ్ళతో చెల్లో, హార్ప్సికార్డ్ వాళ్ళనీ మాత్రం వాయించమన్నాను. మిగతా వాళ్ళని హాల్లో కుర్చీల్లో కూర్చుని కళ్ళు మూసుకోమన్నాను. ‘ఇప్పుడు మెలోడీ ఎవరి చేతిలో ఉందనిపిస్తే ఆ నంబరు వేళ్ళు ఎత్తండి. ఒకటో వయొలిన్ అయితే ఒక వేలు, నాలుగోది అయితే నాలుగు.’ మొదటి అల్లెగ్రోలో, అంటే వేగంగా సాగే మొదటి భాగంలో, సోలో వాక్యాలు ఒకరి నుంచి ఇంకొకరికి చకచకా మారిపోతుంటాయి. కుర్చీల్లో చేతులు లేచాయి. ఒకే వాక్యానికి ఒకరు ఒక వేలు చూపిస్తే పక్కనున్నాయన మూడు చూపించాడు. కొందరు అసలు ఎత్తకుండా ఆగిపోయారు. నెలరోజులుగా ఈ సంగీతాన్ని వాయిస్తున్నవాళ్ళే గుర్తుపట్టలేకపోతే, కచేరీ రోజు మొదటిసారి వినేవాళ్ళ మాటేమిటి?

వివాల్డి పనిచేసిన పియెటాలో ఆ అమ్మాయిలు చర్చి గోడ మీది గ్యాలరీల్లో, జాలీల వెనక నిలబడి వాయించేవారు. వినేవాళ్ళకి వాయించేవాళ్ళు సరిగ్గా కనిపించేవారు కాదు. ఈ కళ్ళు మూసుకునే పరీక్ష నాకు అక్కడి నుంచే తట్టింది. వేదిక మీద ఎవరి కమాను కదులుతోందో చూసి మనం సగం వినేస్తాం. కళ్ళు మూసుకుంటే ఆ సాయం పోతుంది, చెవి ఒక్కటే మిగులుతుంది.

ఆ రాత్రే నేను మొదటి ముద్రణ స్కాన్లు తెరిచి కూర్చున్నాను. అప్పటిదాకా వాడింది ఆధునిక ముద్రణ. మొదటి ముద్రణలో స్కోరు, అంటే అందరి భాగాలూ ఒకే పేజీలో కనబడే ప్రతి, లేదు. ఎవరి భాగం వాళ్ళకి విడిగా ఇచ్చిన పుస్తకాలే ఉన్నాయి. అవి ఎనిమిది: నాలుగు వయొలిన్లకి నాలుగు, వయోలాలకి రెండు, చెల్లోకి ఒకటి, అడుగు బాస్‌కీ హార్ప్సికార్డ్‌కీ కలిపి ఒకటి. వెనక కూర్చునే వయొలిన్ల కోసం వేరే పుస్తకమే లేదు! సోలో వాయించే ఆ నలుగురే, అందరూ కలిసి వాయించే చోట కూడా వయొలిన్ బలగం. వాళ్ళకి వెనక దన్ను అంటూ ఎవరూ లేరు. అంటే నేను సోలో వాళ్ళకి బలం అనుకుని పెట్టిన ఎనిమిది వయొలిన్లు, రచనలో లేని ఒక గోడ. పెద్ద శబ్దం వచ్చి తగ్గిన ప్రతిసారీ ఆ గోడ నీడలోంచి ఒక్క వయొలిన్ బయటికి రావాల్సి వచ్చేది. చెవి అప్పటికే పెద్ద శబ్దానికి అలవాటు పడిపోవడంతో ఆ ఒక్క వయొలిన్ బక్కగా వినబడేది. దానికి జడిసి సోలో వాళ్ళు గట్టిగా వాయించేవారు. నలుగురూ గట్టిగా వాయిస్తే నలుగురి గొంతూ ఒకలాగే ఉంటుంది. అరిచేటప్పుడు మనుషుల గొంతుల్లో తేడా పోతుంది కదా, ఇదీ అంతే.

అందుకని తొమ్మిది మందికి కుదించాలని తేల్చుకున్నాను. ఎనిమిది పుస్తకాలు, చివరి పుస్తకం ఇద్దరికి. పది మంది బయట కూర్చోవాలి.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ఏడాదికి రెండే కచేరీలు చేసే బృందంలో, వారమంతా పని చేసుకుని ఆదివారం కోసం ఎదురుచూసే మనిషికి ‘మీరు ఇందులో వాయించరు’ అని చెప్పడం చిన్న సంగతి కాదు. ఒకావిడ ఏమీ అనకుండా వయొలిన్ పెట్టెలో పెట్టేసి కోటు తొడుక్కుంది. నేను తలుపు దాకా వెళ్ళి, పుస్తకాల సంగతి స్కాన్లు చూపించి మరీ చెప్పాను. ఆవిడ విని, ‘ఇది మొదటి రోజే ఎందుకు చూడలేదు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అదే కచేరీలో అందరూ వాయించే ఇంకో రచన చేర్చాను. ఆ పది మందికీ ఇక్కడ ఇంకో పని కూడా ఇచ్చాను: ప్రతి ఆదివారం చివరి అరగంట కళ్ళు మూసుకుని వినడం, వేళ్ళు ఎత్తడం. ఆ తరవాత మేము సరిచేసినవన్నీ చాలావరకు వాళ్ళ చేతుల్ని చూసి సరిచేసినవే. ఆవిడ కూడా వచ్చే ఆదివారానికి తిరిగొచ్చింది.

నేను చెరిపేసిన గీతలు

ఇక రెండో భాగం. ఈ కాన్చెర్టోకి ప్రాణం ఇక్కడుందని నా నమ్మకం. మొదట లార్గో, అంటే చాలా నెమ్మదిగా, బరువైన అంగలతో, అందరూ కలిసి. దాని తరవాత లార్గెట్టో, లార్గో కన్నా కాస్త చురుకైన నడక. అందులో చెప్పుకోదగ్గ మెలోడీ లేదు. ఒకేసారి మోగాల్సిన స్వరాల గుత్తిని, అంటే కార్డ్‌ని, నలుగురు వయొలినిస్టులూ స్వరం స్వరంగా విడగొట్టి వాయిస్తూ పోతారు. దీన్నే ఆర్పెజియో అంటారు. గుత్తి మారుతుంది, మళ్ళీ విడగొడతారు. రాగం లేని ఈ చోటే విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

మా దగ్గర జలదరించలేదు. నిద్రొచ్చింది.

మొదటి ముద్రణ తెరిచినప్పుడు ఈ చోటు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగు పుస్తకాల్లోనూ గుత్తి ఒకటే, కానీ విడగొట్టే పద్ధతి నాలుగు రకాలు. ఒకరికి స్వరాలు కమాను ఒక్క లాగుడులో జతపడతాయి. ఇంకొకరికి ఆ జత వేరే చోట మొదలవుతుంది. ఒకరు దేనికది విడిగా వాయించాలి. ఒకరి చేతిలో రెట్టింపు వేగంతో సన్నగా వణుకుతున్నట్టుంటుంది. ఈ నాలుగూ ఒకేసారి మోగాలి. నీళ్ళ మీద ఎండ పడితే ప్రతి అల దగ్గరా మెరుపు వేరే క్షణంలో వస్తుంది చూడండి, ఆ పని నాలుగు కమానులతో చేయించాడు వివాల్డి.

మరి మా కాపీల్లో? మొదటి వారమే నేను పెన్సిల్ పట్టుకుని కూర్చుని ఆ జతల గీతలన్నీ సరిచేశాను. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉండటం చూసి పాత ముద్రణల్లోని అజాగ్రత్త అనుకున్నాను. వయొలిన్ విభాగంలో కమానులన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదలాలన్నది ఆర్కెస్ట్రా క్రమశిక్షణ. చూడటానికి బాగుంటుంది, శబ్దం ఒక్కటై వస్తుంది. ఆ అలవాటుతోనే అందరికీ రెండేసి స్వరాల జతలు రాసిచ్చాను. వివాల్డి శ్రద్ధగా వేరు చేసిన నాలుగు గొంతుల్ని నా చేత్తోనే ఒకటి చేశాను. ఐదు వారాలు ఆ నలుగురూ నా తప్పునే నేర్చుకున్నారు.

అది అచ్చువేసినవాళ్ళ అజాగ్రత్త కాదనడానికి కారణం ముద్రణ చరిత్రలోనే ఉంది. వివాల్డి మొదటి రెండు సంపుటాలు వెనిస్‌లో వచ్చాయి, 1705లో ఒకటి, 1709లో ఒకటి. అక్కడ సంగీతాన్ని విడి అచ్చులతో పేర్చేవారు. వేగంగా వచ్చే చిన్న స్వరాల్ని గుంపుగా కలిపి చూపించడం ఆ పద్ధతిలో కుదిరేది కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రోజే రాగి పలకల మీద చెక్కించేవాడు. ఏ స్వరం దేనితో జతపడుతుందో, ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చేత్తో రాసినంత స్పష్టంగా కనబడేది. ఆ గీతలకి ఎంత విలువుందో తెలుసుకోకుండానే నేను రబ్బరు పెట్టి చెరిపేశాను.

ఈ తప్పు వెనక నా సొంత చదువు కూడా ఉందని నాకు తరవాత అనిపించింది. మాది విజయనగరం. చిన్నప్పుడు నేల మీద కూర్చుని, వయొలిన్ తలని చీలమండకి ఆన్చి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు వినబడని రోజు ఉండేది కాదు. పక్కవాద్యంగా వయొలిన్ నేర్పేటప్పుడు మొదట చెప్పే పాఠం గాయకుడి గొంతులో కలిసిపోవడం. నీడలా వెంట నడవాలి, విడిగా వినబడితే తప్పు. ఆ తరవాత పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో కూర్చుంటే అక్కడా అదే పాఠం: పక్కవాళ్ళ శబ్దంలో కలువు. రెండు చోట్లా నా చెవి కలపడమే నేర్చుకుంది. విడదీసి వినమని, విడదీసి వాయించమని ఎవరూ చెప్పలేదు. ఈ లార్గెట్టో చెప్పింది.

ఆరో వారం పాత కాపీలు పక్కన పెట్టి, మొదటి ముద్రణ గీతలతో కొత్తవి ఇచ్చాను. ఒక్కసారిగా కుదరలేదు. ఎవరి పద్ధతి వాళ్ళు మొదలుపెట్టగానే పక్కవాళ్ళ జతలు చెవిలో పడి తమవి మర్చిపోయేవారు. ముఖ్యంగా రెట్టింపు వేగం వాయించే అబ్బాయి, వాడికి 17 ఏళ్ళు, బృందంలో అందరికన్నా చిన్నవాడు, నాలుగో గుత్తి దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పడి చెయ్యి బిగించేసేవాడు. చెయ్యి బిగిస్తే శబ్దం పెరుగుతుంది. మిగతా ముగ్గురూ మాయం.

మూడు ఆదివారాల పాటు చేసిన సాధన ఇది. మొదట నలుగురూ గుత్తిని విడగొట్టకుండా ఒక్కొక్కరు ఒక్కొక్క స్వరం పొడుగ్గా పట్టుకోవాలి. చెల్లో కిందనుంచి నడుస్తుంటే ఆ గుత్తి శ్రుతిలో కుదిరేదాకా ఆగాలి. కుదిరాక ఒకటో వయొలిన్ మాత్రం విడగొట్టడం మొదలుపెడుతుంది, మిగతా ముగ్గురూ పొడుగ్గానే ఉంటారు. తరవాత రెండోది చేరుతుంది, ఆపైన మూడోది, నాలుగోది. కుర్రాడికి ఒకటే చెప్పాను: ‘కమాను కొన దగ్గరే వాయించు, వెంట్రుకలు తీగని తాకీ తాకనట్టుండాలి. ఎవరికీ వినబడకపోయినా ఫరవాలేదు అన్నట్టు వాయించు.’ వాడు అలా వాయించిన రోజు మొదటిసారి ఆ సన్నని వణుకు మిగతా మూడు పద్ధతుల మధ్య సందుల్లోంచి పైకి వచ్చింది. గట్టిగా వాయించినప్పుడు అందర్నీ మింగేసిన భాగం, మెత్తగా వాయిస్తే అందర్నీ వెలిగించింది. ఆ రోజు చెల్లో ఆయన చివరి స్వరం అయ్యాక కూడా కమాను దించలేదు.

నిలబడటం, శ్రుతి

ఇంకో చిక్కు చోటుతో వచ్చింది. నలుగురూ ముందు ఒకే వరసలో నిలబడితే చర్చిలో గొంతులు కలిసిపోతున్నాయి. రాతి గోడలు, ఎత్తైన కప్పు, చప్పట్లు కొడితే రెండు మూడు సెకన్లు మోగుతూనే ఉంటుంది. ఒకటీ రెండూ ఎడమ పక్క, మూడూ నాలుగూ కుడి పక్క, మధ్యలో చెల్లో, హార్ప్సికార్డ్ పెట్టి చూశాను. ఎక్కడినుంచి ఎక్కడికి మాట వెళ్తోందో కొంత తెలిసింది. కానీ కుడి పక్క వాళ్ళిద్దరూ మూగబోయారు. కారణం వయొలిన్ పట్టుకునే తీరులో ఉంది. వాద్యం ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి, ఎడమ పక్క నిలబడి లోపలికి తిరిగితే దాని పైపలక, ఎఫ్ ఆకారపు రంధ్రాలు జనం వైపు ఉంటాయి. కుడి పక్క నిలబడి లోపలికి తిరిగితే జనానికి కనబడేది వాద్యం వీపు. మూడో, నాలుగో వయొలిన్ల వాళ్ళని లోపలికి కాకుండా దాదాపు నేరుగా జనం వైపే తిరగమన్నాను. ఒకరి ముఖం ఒకరికి కనబడటం తగ్గింది, అందుకు మూడో వయొలిన్ ఆవిడ చివరిదాకా ఇబ్బంది పడింది. అయినా వేళ్ళ పరీక్షలో తేడా వెంటనే తెలిసింది.

శ్రుతి గురించి కొంచెమే చెప్తాను. మా రచన సాగే బి మైనర్ స్వరశ్రేణిలో షడ్జానికి అర స్వరం కింద ఉండే ఏ షార్ప్‌ని వయొలినిస్టులు అలవాటుగా పైకి లాగుతారు, షడ్జం వైపు ఉబలాటం వినబడాలని. హార్ప్సికార్డ్‌లో ఆ మెట్టు ఎక్కడ కట్టారో అక్కడే ఉంటుంది, లాగితే రాదు. ఇద్దరూ కలిసే చోటల్లా గరగరలాడింది. నలుగురినీ హార్ప్సికార్డ్ పక్కన నిలబెట్టి ఆ ఒక్క స్వరం పదేపదే వాయించమన్నాను. వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని వణికించడం) కూడా పొడుగు స్వరాలకే ఉంచి మిగతా చోట్ల మానేయమన్నాను, ఎందుకంటే వణుకుతున్న నాలుగు శ్రుతులు కలిస్తే ఏదీ ఎవరిదీ కాదు.

జర్మన్ స్వరకర్త బాఖ్ గురించి అడిగారు మా వాళ్ళు కొందరు. ఈ రచనే ఆయన 1730 ప్రాంతంలో నాలుగు హార్ప్సికార్డ్‌లకి మార్చి రాసుకున్నాడు, బి మైనర్ నుంచి ఏ మైనర్‌కి దించి. బాఖ్ రచనల జాబితాలో అది బీడబ్ల్యూవీ 1065. అప్పటికి లైప్‌జిగ్‌లో కొలేజియుమ్ మూజికుమ్ అనే సంగీత బృందం ఆయన చేతిలో ఉంది, వాళ్ళ కచేరీలు జిమ్మర్‌మాన్ కాఫీ హౌస్‌లో జరిగేవి. నేను మా వాళ్ళకి ఆ రూపం వినిపించింది లార్గెట్టో కోసమే. హార్ప్సికార్డ్ తీగని మీటుతుంది, కమానులా లాగి కలపలేదు. మెత్తగా, గట్టిగా అన్న తేడా కూడా దానికి పెద్దగా ఉండదు. అలాంటి వాద్యం మీద కూడా బాఖ్ నాలుగు రకాల విడగొట్టుడు వదులుకోలేదు. అది విన్నాక నేను చెరిపేసిన గీతల గురించి ఇంక ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

మూడో భాగం మాత్రం మేము అనుకున్నంత బాగా రాలేదు. గెంతే నడకతో సాగే అల్లెగ్రో అది, 6/8 తాళంలో. వేళ్ళకి అలవాటైన కొద్దీ వేగం దానంతటదే పెరిగిపోయేది. పెరిగితే చర్చి గోడల మోతలో సోలో వాక్యాల అంచులు కరిగిపోయేవి. పన్నెండో వారంలో మెట్రోనోమ్ (వేగం కొలిచే యంత్రం) మీద ఆరేడు అంకెలు తగ్గించాను. అది ముందే చేయాల్సింది. రెండు వారాల్లో చేతులు కొత్త వేగానికి పూర్తిగా కుదురుకోలేదు, కచేరీలో ఒకటీ నాలుగూ ఒక చోట దాదాపు విడిపోయి చెల్లోని పట్టుకుని మళ్ళీ కలిశారు. ఇంకోసారి చేస్తే మూడో భాగాన్నే ముందు మొదలుపెడతాను, అదీ చర్చిలోనే, హాల్లో కాదు. తొమ్మిది మందితో మొదటి ఆదివారం నుంచే మొదలుపెడతాను. ఆధునిక ముద్రణతోపాటు మొదటి ముద్రణ ఎదురుగా లేకుండా ఒక్క గీత కూడా పెన్సిల్‌తో మార్చను.

కచేరీ రోజు ఆ పది మందీ ఎడమ పక్క రెండు బెంచీల మీద కూర్చున్నారు. నేను వెనక స్తంభం దగ్గర నిలబడ్డాను. మొదటి అల్లెగ్రో సగంలో అటు చూశాను. ఆ రోజు కోటు తొడుక్కున్న ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి ఒళ్ళోనే ఉంది, ఎవరికీ కనబడకుండా. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి: రెండు, ఒకటి, మూడు, నాలుగు. ఒక్కటి కూడా తప్పలేదు.